విషం అని రాసివ్వండి

నాకు మరుపు తక్కువ, పగ ఎక్కువ. మా అమ్మ బతికున్నన్నాళ్లూ నా ఈ గుణం గురించి మోకాళ్ల మీద ప్రార్థన చేసింది. నేను ఆమె పక్కనే మోకరించి, బుద్ధిగా కళ్లు మూసుకుని, ఎవర్ని ఎలా సాధించాలా అని ఆలోచించుకునేదాన్ని. ఇప్పుడు రాస్తున్నది కూడా పశ్చాత్తాపంతో రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. జరిగింది జరిగినట్టు చెప్పాలనిపించి రాస్తున్నాను.

పోలీస్ యాక్షన్ జరిగిన ఏడాది నాకు ఇరవై రెండేళ్లు. సికింద్రాబాదులో లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. గుంటూరు వైపు నుంచి నా చిన్నప్పుడే వచ్చేశాం. నాన్న వర్క్‌షాపులో స్టోర్సు గుమాస్తా. నేను మిషన్ బడిలో మూడో తరగతికి టీచర్ని. ఇంట్లో మేం ముగ్గురం, మా కుక్క. అది అటు సీమజాతీ కాదు, ఇటు వీధికుక్కా కాదు. వర్క్‌షాపు ఫోర్‌మన్ దొర ఒకాయన దేశం విడిచి వెళ్లిపోతూ గొలుసు తెచ్చి నాన్న చేతిలో పెట్టి, మొహం అటు తిప్పుకుని వెళ్లిపోయాడు. నల్లటి ఒళ్లు, నాలుగు కాళ్లకూ గోధుమరంగు మేజోళ్లు తొడిగినట్టుండేవి. పేరు రాయను. వాడు అంటాను, చాలు.

ఆ ఏడాది ఎండాకాలం సెలవుల్లో కళాయి తాత వచ్చాడు. ఈ కాలం పిల్లలకు కళాయి అంటే తెలియదు కాబట్టి చెబుతున్నాను. అప్పట్లో వంటంతా ఇత్తడి గిన్నెల్లోనే. లోపల తగరం పూత ఉంటేనే వాటిలో పులుసూ మజ్జిగా పెట్టుకోవచ్చు. ఆ పూతే కళాయి. ఏడాదికి రెండుసార్లు ఆ పని చేసే తాత వెనక బస్తీ నుంచి వచ్చి నల్లా పక్కన వేపచెట్టు కింద గుంట తవ్వి, తోలుతిత్తితో నిప్పులు ఊదుతూ కూర్చునేవాడు. ముందు పాత పూత గీకి, ఇసుకతో తోమి, గిన్నెను నిప్పుల మీద తిప్పుతూ నవాసాగరం పొడి చల్లేవాడు. గుప్పుమని తెల్లటి పొగ లేచేది. తగరం ముక్క రాసి గుడ్డతో ఒక్కసారి తుడిచేసరికి గిన్నె లోపలంతా వెండిలా మెరిసేది. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి మరీ చూసేదాన్ని. నన్ను టీచరమ్మా అని మొదట పిలిచింది కూడా అతనే.

ఆ రోజు మా పెద్ద ఇత్తడి గిన్నె ఇచ్చి ఇంట్లోకి వచ్చానో లేదో, బయట కుక్క అరుపు. అలాంటి అరుపు నేను అంతకుముందు వినలేదు. వాడు తోక కాళ్ల మధ్య పెట్టుకుని పరిగెత్తుకొచ్చి మంచం కింద దూరాడు. పక్కటెముకల మీద జానెడు పొడవున వెంట్రుకలు కాలిపోయి, తోలు ఎర్రగా కమిలి ఉంది. ఒకే గీత, గీసినట్టు. నాకు అర్థమైపోయింది.

"కుక్కను పట్టకారుతో కొట్టావా తాతా?" అన్నాను వెళ్లి.

"నేను కొట్టలే టీచరమ్మా, ఖుదా కసమ్. అదే ఉరికొచ్చి నిప్పులల్ల పడ్డది."

"నిప్పుల్లో పడితే కాళ్లు కాలతాయి. నడుం మీద గీత ఎందుకు పడుతుంది?"

"నాకేం ఎరుక? మీ కుక్కను మీరు కట్టేసుకోవాలె."

ఆ చివరి మాటతో నా ఒళ్లు భగ్గుమంది. అతని చేతిలో ఉన్నది మా గిన్నే. పాత కళాయి అంతా గీకేసి, తోమి, బంగారంలా పచ్చగా చేసి నిప్పుల మీద పెట్టబోతున్నాడు. చేతిలోంచి లాక్కుని ఇంటికి వచ్చేశాను. "ఇంకోసారి ఈ క్వార్టర్లలో అడుగుపెట్టు చెబుతాను" అని కూడా అన్నాను. అది ఉత్త బెదిరింపు కాదని ఆ సాయంత్రమే చూపించాను.

ఒక్కో క్వార్టరుకూ వెళ్లి, కళాయి ముసలాడు తగరంలో సీసం కలుపుతున్నాడని చెప్పాను. సీసం కడుపులోకి పోతే పిల్లలు ఎండిపోతారనీ, బుద్ధి మందగిస్తుందనీ, పుస్తకంలో ఉందనీ చెప్పాను. పుస్తకంలో ఉన్నది నిజమే, అతను కలుపుతున్నాడన్నది శుద్ధ అబద్ధం. టీచరు చెప్పిందంటే ఎవరు కాదంటారు? మర్నాడు అతను వచ్చి మధ్యాహ్నం దాకా ఉత్త నిప్పులు ఊదుకుంటూ కూర్చున్నాడు. ఒక్క గిన్నె రాలేదు. నేను కిటికీ దగ్గర నిలబడి, అతను నిప్పుల మీద నీళ్లు చల్లి, తిత్తి భుజాన వేసుకుని వెళ్లేదాకా చూశాను. ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

గిన్నె సంగతి అమ్మ అడిగింది. "పూత గీకేసిన గిన్నె తెచ్చావేంటే? చిలుము పడుతుంది, ఇందులో వండుకుంటామా? అలా పెరట్లో పడెయ్" అంది. పెరట్లో మెట్టు పక్కన పడేశాను. రెండు రోజులకు అదే కుక్క గిన్నె అయింది.

తర్వాత రోజులు ఎలాంటివో చెప్పక్కర్లేదు. రజాకార్ల కవాతులు, సాయంత్రం కాగానే మూసేసుకునే తలుపులు, రైళ్లలో సరుకు రాకపోవడం. కసాయి కొట్టు తెరిస్తే తెరిచినట్టు, లేకపోతే లేదు. అంతకుముందు వాడికి రోజూ ఎముకలు, కాస్త మాంసం దొరికేవి. ఇప్పుడు మా ఇంట్లో మిగిలిందే వాడికీ. మజ్జిగన్నం, లేదంటే చారన్నం. పొద్దున పెట్టింది మధ్యాహ్నం దాకా, సాయంత్రం పెట్టింది మర్నాటి దాకా ఆ గిన్నెలో ఉండేది. వాడు కొంచెం కొంచెంగా నాకేవాడు.

బేగంపేట మీదుగా విమానాలు తిరిగిన రోజుల్లో వాడు మంచం కిందే ఉన్నాడు. అందరం అలాగే ఉన్నాం కాబట్టి పట్టించుకోలేదు. సైన్యం వచ్చింది, జనం రోడ్ల మీదికి వచ్చారు, జెండాలు కట్టారు. వాడు మాత్రం మంచం కింద నుంచి రాలేదు. చేత్తో బయటికి లాగినప్పుడు తెలిసింది, ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ లేవని. వెన్నుపూసలు ఒక్కొక్కటీ చేతికి తగిలాయి. తిన్నది తిన్నట్టు కక్కేవాడు. కళ్లు పచ్చబడ్డాయి. నాన్న వాణ్ణి ఎత్తుకుపోయి స్టోర్సు కాటా మీద నిలబెట్టాడు. ఎండాకాలంలో సరదాకి తూచినప్పటి బరువులో మూడో వంతు పోయింది. కాటా మీద నిలబడలేక కూర్చుండిపోయాడట. నాన్న అది చెబుతూ కళ్లజోడు తుడుచుకున్నాడు.

పశువుల ఆసుపత్రికి జట్కాలో తీసుకెళ్లాను. అక్కడి డాక్టరుకు గుర్రాలూ బర్రెలూ తప్ప ఇంకో జీవం లెక్కలో లేదు. దూరం నుంచి చూసి "పురుగులు" అన్నాడు. చేయి కూడా వేయలేదు. పురుగుల మందు ఇస్తే వాడు మూడు రోజులు నీళ్లు కూడా ముట్టలేదు. మళ్లీ వెళ్తే, "మనుషులకే దిక్కులేదమ్మా ఇప్పుడు, కుక్కను పట్టుకుని తిరుగుతున్నావా?" అన్నాడు. "మనుషుల డాక్టరువైతే ఆ మాట అను, నీకు జీతం పశువులకిస్తున్నారు" అన్నాను. ఆ తర్వాత ఆ ఆసుపత్రి గేటు దగ్గరే నన్ను ఆపేశారు.

అప్పుడు పక్క క్వార్టరు వదిన గోడ మీద నుంచి ఒక మాట అంది. ఆమె ఈ ఊరి మనిషే, నోరు మంచిది, చెవులు ఇంకా మంచివి. "టీచరమ్మా, ఆ కళాయి ముసలోడు మొన్న మన గల్లీల తిరిగిండు. మీ కుక్క దిక్కు చూసుకుంట చూసుకుంట పోయిండు. ఏమన్న మందు పెట్టిండేమో, జెర సోచాయించు."

ఇంకేం! ఆలోచించడానికి ఏముంది? అతని సంచి నిండా తెల్లటి పొడులూ, మంటపుట్టించే నీళ్లూనే. పొట్టకొట్టినందుకు నా మీద కక్ష ఉంది. నా మీద తీర్చుకోలేక మూగజీవం మీద తీర్చుకున్నాడు. నేనైతే అదే చేసేదాన్ని కాబట్టి అతనూ అదే చేశాడని ఒక్క క్షణం కూడా అనుమానపడలేదు.

సైన్యం వచ్చాక ఊళ్లో ఎవరి మాటకు బలం వచ్చిందో అందరికీ తెలుసు. రజాకారు అని ఎవరైనా ఒక అర్జీ రాసి పడేస్తే చాలు, లారీ వచ్చేది. వెనక బస్తీ నుంచి అప్పటికే నలుగురైదుగుర్ని ఎక్కించుకుపోయారు. ఒకతను మూడో రోజున తిరిగొచ్చాడు, మాట లేదు, చేయి పైకి లేవడం లేదు. మిగతా వాళ్లు రానేలేదు. ఇవన్నీ తెలిసే నేను కాగితం కోసం తిరిగాను. నా అర్జీకి డాక్టరు చీటీ ఒకటి తోడుంటే ముసలాడు తప్పించుకోలేడు.

తిరుమలగిరిలో దిగిన పటాలంతో కంచరగాడిదల డాక్టరు ఒకాయన వచ్చాడని నాన్నకు ఎవరో చెప్పారు. బయల్దేరుతుంటే నాన్న జట్కా దగ్గరికి వచ్చాడు. మెత్తటి మనిషి, నన్ను ఎప్పుడూ గట్టిగా ఒక్క మాట అనలేదు.

"అమ్మాయ్, నీకు కుక్క బతకడం కావాలా, ముసలాడు చావడం కావాలా?"

"రెండూ" అన్నాను.

సైన్యం డాక్టరు కుర్రాడు, ఎక్కడో ఉత్తరాది మనిషి. నేను ఇంగ్లీషులో మాట్లాడేసరికి కుర్చీ వేయించాడు. వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, పెదవి పైకెత్తి చిగుళ్లు చూశాడు. కనురెప్ప తిప్పి చూశాడు. పక్కటెముకల కింద వేళ్లు పెట్టి నొక్కితే వాడు మూలిగాడు. ఎంత పచ్చగా ఉన్నాడో నాకూ చూపించాడు. పురుగులు కావన్నాడు. కాలేయం దెబ్బతింది, లోపలికి ఏదో పోతోంది, ఒక్కసారిగా కాదు, రోజూ కొంచెం కొంచెంగా, నెలల తరబడి అన్నాడు.

"అంటే విషమా?"

"ఒక రకంగా విషమే."

నా కుక్కకు ఎవరో విషం పెట్టారని విని నేను సంతోషించాను. దాచను. గుండె ఎగిరి గంతేసింది. "అయితే విషం అని రాసివ్వండి" అన్నాను.

"ఏ విషమో తెలియకుండా ఎలా రాయను?" అన్నాడాయన. "వీడికి అన్నం ఎవరు పెడతారు?"

"నేనే."

"దేంట్లో?"

"వాడి గిన్నెలో."

"రేపు ఆ గిన్నె తీసుకురండి, అందులో మిగిలిన అన్నం పారేయకుండా, ఉన్నది ఉన్నట్టు." నేను కదలకుండా నిలబడ్డాను. ఆయన నా మొహం చూసి, నిట్టూర్చి, విషం అని అనుమానం అంటూ ఒక చీటీ రాసి సంతకం పెట్టాడు. గిన్నె మర్చిపోవద్దని మళ్లీ చెప్పాడు. నేను అప్పటికే చీటీ మడిచి జాకెట్టులో పెట్టుకుంటున్నాను.

ఆ సాయంత్రమే అర్జీ రాశాను. పిల్లలకు నల్లబల్ల మీద రాసే గుండ్రటి అక్షరాలతో, ఇంగ్లీషులో, ఒకటిన్నర పేజీ. ఫలానా బస్తీలో ఉండే కళాయి పనివాడు నా కుక్కకు విషం పెట్టాడనీ, కుక్కకు పెట్టినవాడు మనిషికి పెట్టడని నమ్మకం ఏమిటనీ రాశాను. రజాకార్ల వంటపాత్రలకు కళాయి పెట్టేవాడని కూడా రాశాను. ఆ ముక్క అబద్ధం కాదు. ఊళ్లో అందరి గిన్నెలకూ పెట్టినవాడు వాళ్ల గిన్నెలకూ పెట్టే ఉంటాడు. మర్నాడు పొద్దున బడికి పోతూ, మూతపడ్డ ఒక స్కూలు వరండాలో సైన్యం వాళ్లు పెట్టిన అర్జీల పెట్టెలో ఆ కాగితం వేశాను. పెట్టె అడుగున పడ్డ చప్పుడు కూడా రాలేదు, అంత నిండుగా ఉంది.

మధ్యాహ్నం బడి వదిలాక ఇంటికి వచ్చి, కుక్క గిన్నెను అన్నంతో సహా గుడ్డలో మూటకట్టుకుని తిరుమలగిరికి బయల్దేరాను. దారి వెనక బస్తీ మీద నుంచే. పోతూ పోతూ అతని ఇంటి ముందు ఆగాను. ఆగక్కర్లేదు. లారీ వచ్చేముందు అతని మొహం ఒకసారి చూడాలనిపించింది, అంతే.

గోనెపట్టా పరదా తొలగించుకుని బయటికి వచ్చాడు. ఐదు నెలల్లో బాగా కుంగిపోయాడు. వెనక గోడకు తిత్తి వేలాడుతోంది, దాని మీద సాలెగూడు.

"ఏంది టీచరమ్మా, గిట్లొచ్చినవ్?"

"మా కుక్కకు విషం పెట్టారని డాక్టరు రాసిచ్చాడు" అన్నాను చీటీ తీసి. "నీ పేరు రాసి అర్జీ వేశాను. రేపో ఎల్లుండో లారీ వస్తుంది, తయారుగా ఉండు."

అతను చీటీ వంక చూశాడు. చదవడం రాదు. రెండు చేతులూ వణకడం మొదలుపెట్టాయి. ఆపుకుందామని ఒక చేత్తో ఇంకో చేయి పట్టుకున్నాడు, రెండూ కలిసి వణికాయి. అలాగే గడప మీద కూలబడ్డాడు. ఆ వణుకు చూసి నా కడుపు నిండింది. కాలిన గీతకు ఇది చాలు అనిపించింది. కాదు, చాలదు అని కూడా అనిపించింది.

"నేనెందుకు పెడత టీచరమ్మా? మీ గల్లీల అడుగు పెడితే ఆడోళ్లు తలుపులేసుకుంటున్రు. మొన్న మొన్న సుత పని అడుగుదామని వచ్చి, అడగలేక వాపసొచ్చిన." అని తల దించుకున్నాడు. దించుకున్న తల నా చేతిలో మూట దగ్గర ఆగింది. గుడ్డ జారి గిన్నె అంచు కనిపిస్తోంది.

"గది ఆనాడు నా చేతుల నుంచి గుంజుకపోయిన గిన్నె కాదా?"

గుడ్డ పైకి లాక్కున్నాను.

"దీనికి కళాయి ఎవలు పెట్టిన్రు?"

"ఎవరూ పెట్టలేదు. ఇది కుక్క గిన్నె."

"కుక్కకు దీన్ల ఏం పెడుతున్నవ్?"

"మజ్జిగన్నం."

అతను లేచాడు. గుడ్డ విప్పి, అన్నాన్ని వేలితో పక్కకు నెట్టాడు. అడుగున ఆకుపచ్చగా, నీలంగా, చిక్కగా చిలుము. అన్నం మెతుకులకు కూడా పచ్చ అంటుకుని ఉంది. వేలు నా మొహం ముందు పెట్టాడు. కళాయి లేని ఇత్తడిలో పులిసింది పెట్టకూడదని మా ఇళ్లలో మాటలు రాని పసిదానికి కూడా తెలుసు. అమ్మ నా ముందే అన్నది, నేను నా చెవులతో విన్నాను. మనం తినేదైతే గుర్తుండేది. కుక్క గిన్నె అనేసరికి అది గిన్నె అన్న సంగతే మర్చిపోయాం. రోజూ రెండు పూటలా, ప్రేమగా, నా చేత్తోనే కలిపి పెట్టాను.

అతను వేలు లుంగీకి తుడుచుకుని మళ్లీ గడప మీద కూర్చున్నాడు.

"పట్టకారుతోని కొట్టిన" అన్నాడు, నా వైపు చూడకుండా. "తిత్తి కొరికింది. కొత్త తోలు. కోపం ఆగలే, ఒక్క దెబ్బ కొట్టిన. కసమ్ తిని అబద్ధం చెప్పిన. గంతే నేను చేసింది." నా వైపు తిరిగి అడిగాడు. "నువ్వు ఎన్ని దినాలు పెట్టినవ్ టీచరమ్మా?"

కొట్టాడని ఒప్పుకున్నాడు! ఐదు నెలలు నేను ఎదురుచూసిన మాట అది. విని కూడా ఏం చేసుకోవాలో తెలియలేదు. గిన్నె అక్కడే వదిలేసి పరిగెత్తాను.

స్కూలు వరండాలో సైన్యం హవల్దారు అర్జీల పెట్టె తాళం తీసి కాగితాలు బల్ల మీద గుమ్మరిస్తున్నాడు. పొరపాటున వేశాను, నా కాగితం నాకు ఇవ్వమని నాకొచ్చిన హిందీలో బతిమాలాను. "నాకు ఇంగ్లీషు రాదు, మీ తెలుగు రాదు. మీది మీరే వెతుక్కోండి, సాహెబు గంటలో వస్తాడు" అన్నాడు. వెతకాలంటే ప్రతి కాగితమూ విప్పాలి. విప్పితే కళ్లు ఊరుకుంటాయా? ఒకాయన గోడ జరిపిన పక్కింటివాడి మీద రాశాడు. ఒకావిడ నల్లా దగ్గర వంతు తప్పించిన మనిషి మీద రాసింది. పిల్లనివ్వనన్న వాడి మీద, మేకను కట్టేసుకున్న వాడి మీద, అందరూ రజాకార్లే. వీళ్లెవరో పాపాత్ములు, నేను వేరు అనుకోవడానికి లేకుండా మధ్యలో నా గుండ్రటి అక్షరాలు దొరికాయి.

తీసుకుని లేవబోతూ ఇంకొకటి చూశాను. తెలుగులో, ఎక్సర్‌సైజు పుస్తకం కాగితం. కళాయి ముసలోడు తగరంలో సీసం కలిపి రైల్వే పిల్లల్ని చంపాలని చూశాడు, రజాకార్లు చేయించారు, టీచరమ్మకు అన్నీ తెలుసు, ఆమెను అడగండి. కింద పక్క క్వార్టరు వదిన సంతకం. నేను ఎండాకాలంలో ఇంటింటికీ పంచిన మాట, అక్షరం పొల్లుపోకుండా, ఇంకొకరి చేతిరాతలో ఉంది. మిగతా కాగితాలన్నీ మళ్లీ మొదటి నుంచి విప్పాను. అతని మీద మూడోది లేదు.

"రెండున్నాయే, రెండూ మీవేనా?" అన్నాడు హవల్దారు.

"రెండూ నావే" అన్నాను. అబద్ధం చెప్పినట్టు అనిపించలేదు. రెండూ చింపి, ముక్కలు కూడా అక్కడ వదలకుండా ఇంటికి తెచ్చి పొయ్యిలో పెట్టాను.

లారీ ఆ బస్తీకి మళ్లీ వచ్చింది, కానీ అతని ఇంటి ముందు ఆగలేదు. సైన్యం డాక్టరు దగ్గరికి వెళ్లి సంగతి చెబితే, కోప్పడతాడనుకున్నాను, కోప్పడలేదు. మట్టి చిప్పలో పెట్టమన్నాడు, గంజీ గుడ్లూ పెట్టమన్నాడు, మిగతాది వాడి కాలేయం చూసుకుంటుందన్నాడు. వాడు క్రిస్మస్ నాటికి లేచి వీధిలోకి వచ్చాడు. ఇంకో నాలుగేళ్లు బతికాడు, కానీ పాత ఒళ్లు రాలేదు, పరుగూ రాలేదు. చిప్ప కింద పెట్టినప్పుడల్లా ముందు నా మొహం చూసి, తర్వాత తినేవాడు. ఇదివరకూ అలాగే చూసేవాడేమో, నేను గమనించలేదేమో.

ఎండాకాలంలో తిరిగిన ఇళ్లన్నిటికీ మళ్లీ తిరిగాను. సీసం మాట అబద్ధం, కోపంతో చెప్పాను అని చెప్పాను. కొందరు నవ్వారు. పక్క క్వార్టరు వదిన మాత్రం "గిట్ల తిప్పి తిప్పి మాట్లాడుతరా టీచరమ్మా, మా పరువేం గావాలె" అని ఏడాదిపాటు మాట్లాడలేదు. పోనీ అనుకున్నాను.

ఆ సంక్రాంతి దాటాక తాత మళ్లీ వేపచెట్టు కింద గుంట తవ్వాడు. క్వార్టర్ల గిన్నెలన్నీ వరసకట్టాయి. వదిలేసి పరిగెత్తిన మా గిన్నెను అతను ఎప్పుడో మా గేటు దగ్గర పెట్టి వెళ్లాడు. దాన్ని చింతపండుతో తోమి, బంగారంలా చేసి, నేనే పట్టుకెళ్లి వరసలో పెట్టాను. సాయంత్రం దాకా అందరివీ అయ్యాయి. నా గిన్నె ఒక్కటే మిగిలింది. అతను నిప్పులు ఆర్పి, గిన్నె తీసి నా చేతికిచ్చాడు.

"దీనికి పెట్టను టీచరమ్మా."

"ఎందుకు పెట్టవు?"

"ఉండనియ్, ఇంట్ల పెట్టుకో. చూసుకుంట ఉండు."

నాకు ఒళ్లు మండిపోయింది! నా వల్ల బతికాడు కదా, లారీ రాకుండా చేసింది నేనే కదా అని నోటిదాకా వచ్చింది. లారీని పిలిచిందీ నేనే కాబట్టి మింగేశాను. ఆరు నెలలకు మళ్లీ వచ్చాడు, మళ్లీ పెట్టాను. మళ్లీ తిరిగిచ్చాడు. అలా అతను చనిపోయేదాకా తొమ్మిదేళ్లు, ప్రతిసారీ ఆ గిన్నె వరసలో పెట్టాను, ప్రతిసారీ ముట్టకుండా నా చేతికిచ్చాడు. మిగతా మా గిన్నెలన్నిటికీ శుభ్రంగా పెట్టేవాడు, మా ఇంట్లో మంచినీళ్లు తాగేవాడు, నాన్న పోయినప్పుడు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు కూడా. ఆ ఒక్క గిన్నె దగ్గర మాత్రం కరగలేదు. పగ పట్టడంలో నా అంతటివాళ్లు లేరనుకునేదాన్ని, నా మొహం.

ఇప్పుడు ఇల్లంతా స్టీలే. కళాయి పెట్టేవాళ్లు లేరు, పెట్టించేవాళ్లూ లేరు. ఆ గిన్నె నా దగ్గరే ఉంది, వంటింటి గూట్లో. నెలకోసారి చింతపండు వేసి నేనే తోముతాను, పనిమనిషిని ముట్టనివ్వను. వాన రోజుల్లో అయితే వారం తిరక్కుండానే అడుగున చిలుము పచ్చగా మళ్లీ కనిపిస్తుంది.